ఏడుసార్లు కడిగినా

గొట్టాలను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగేదాకా ఆ కెమిస్టు ల్యాబులో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆమె పై అధికారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎన్నోసారమ్మా ఈ రేణువుల్ని కడగడం?”

“ఏడోసారి సార్.”

“మూడుసార్లు చాలు కదా. రక్తపరీక్ష కిట్లకు శాంపిల్ తీసుకెళ్ళే మనిషి కింద కూర్చుని ఉన్నాడు.”

“రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే ఆ పాత స్టెబిలైజర్ చుట్టపుచూపుగా వచ్చేది సార్. వాటి మీద పైపైన అంటుకునేది, కడిగితే పోయేది. అది పోగానే రేణువులన్నీ ముద్దకట్టేవి.”

“కొత్తది ఇల్లరికపు అల్లుడన్నావు. రేణువు పెరుగుతున్నప్పుడే దానితో రసాయన బంధం కలుపుకుని అక్కడే ఉండిపోతుందన్నావు.”

“ఉండిపోయింది.” ఆమె ఆగిన సెంట్రిఫ్యూజ్‌లోంచి గొట్టం తీసి, కుదిపి వెలుతురుకు పట్టింది. “పాలలా ఉంది. ఒక్క ఉండ కూడా లేదు.”

“మరి ఈ కాలుగాలిన పిల్లి తిరుగుడెందుకు?”

ఆమె గొట్టం దించలేదు.

“పోయినసారి రెండుసార్లే కడిగాను సార్. మూడోసారికి ముద్దకడుతుందని తెలిసే ఆపేశాను. రిపోర్టులో మూడని రాశాను. ఆ శాంపిల్‌తో చేసిన రక్తపరీక్ష కిట్లు తప్పు చూపించింది అందుకే.”

ఆయన బల్లవైపు చూశాడు.

“ఆరోజు కడిగిన ప్రతిసారికీ ఒకటి చొప్పున మూడు స్పిరిట్ సీసాలిచ్చాను. ఒకటి సీలు తీయకుండా బల్లమీదే ఉంది. చూశాను.”

“చూసి?”

“సంతకం పెట్టాను.”

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి వచ్చాడు.

“ఇటివ్వమ్మా. ఎనిమిదోసారి నేను కడుగుతాను.”