ఇసక కాపడం

విజయనగరంలో స్కానింగు సెంటరు. ఎమ్మారై గది గుమ్మం ముందు స్ట్రెచరు మీద గంగులు, పక్కన పెళ్లాం అసిరమ్మ, ఎదుట కాగితం పట్టుకుని మిషను నడిపే గ్లోరీ.

“సెప్పీసినాను కదమ్మా, కాళ్లు తెలుస్తన్నాయని. ఎన్నిసార్లడుగుతావు?”

“ఇంకొక్కసారి, గంగులన్నా. నడుం దెబ్బతిని ఎన్నాళ్లయింది?”

“నలభై రోజులు. కళింగపట్నం కాడ కెరటం కొట్టి పడవ బోర్లా పడిపోనాది. సేపల ఏట నిషేధం ఎత్తీసరికి మళ్లీ ఎల్తాను, సూడు. ఒసే అసిరీ, సెప్పవే!”

“నువ్వే సెప్పు మావా.”

“అన్నా, విను. లోపల అరగంట పడుకోవాలి. మిషను ఒంట్లో వేడి పుట్టిస్తుంది. మామూలు మనిషికి ఫర్వాలేదు. నెత్తురు ఆ వేడిని చర్మం దాకా మోసుకొస్తుంది, చెమట పోస్తుంది, ఒళ్లు తనే చల్లబడుతుంది. మరీ వేడెక్కితే ఈ రబ్బరు బంతి నొక్కితే ఆపేస్తాను.”

“నొక్కుతాను. అయిపోనాదా?”

“అవలేదు. వెన్నులో నరం తెగితే చల్లబడమనే కబురు కిందకి వెళ్లదు. కాళ్లకి చెమట పట్టదు, కాలుతున్నా తెలీదు. అలాగైతే వేడి తగ్గించి, మధ్యలో ఆపి, చేత్తో చూసుకుంటూ తీస్తాను. అందుకే నిజం చెప్పమంటున్నాను.”

“నిజమేనమ్మా! రోజూ సందేల ఇది ఇసక ఏపి, గుడ్డలో మూట కట్టి, మోకాళ్లకి కాపడం ఎడతాది. ఏడి ఎముక దాకా దిగుతాది. అడుగు దాన్ని.”

“ఏమ్మా అసిరమ్మా?”

“ఈ మనిషికి మొల కిందన సెమట పట్టదమ్మా. బనీను పిండితే నీళ్లు కారతాయి. లుంగీ ఎండుసేపలాగుంటాది.”

“ఒసే! సంతలో సేపలమ్మినట్టు ఇక్కడ కూడా నోరేసుకున్నావేటి? ఫేను గాలి కాళ్లకి తగుల్తాదమ్మా. అందికే.”

“కరంటు లేన్నాడు కూడానా మావా?”

“ఏటే నీ బాద? కాళ్లు తెలుస్తన్నాయంటే ఏడుపా నీకు?”

“ఆ మాట ఇనాలనే కదా, రోజూ మూట కట్టినాను.”

“మరింకేటి? నిన్న సందేల ఏటన్నాను? సెప్పు, ఆయమ్మకి సెప్పు.”

“ఏడిగా ఉన్నాదే, హాయిగా ఉన్నాదే, అన్నావు.”

“అదీ! ఇన్నావా అమ్మా?”

“ఇసక ఏపడం మానీసి పది రోజులైనాది మావా. ఒడ్డునున్న తడిసిన సల్ల ఇసకే కడతన్నాను.”