ఒడ్డు నుంచి ఇంటిదాకా

దివిసీమ ఉప్పెన వచ్చిన నెలకి, డెబ్బై ఏడు డిసెంబరులో ఒక ఉదయం, తిరువూరు బస్టాండులో బెజవాడ బస్సు కోసం ఒక రైతూ ఆయన భార్యా కూర్చుని ఉన్నారు.

"హంసలదీవిలో చూడాల్సినవన్నీ అమ్మాయి ఉత్తరంలో రాసిందండి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు, మన నెమలి ఊళ్లో లాగే వేణుగోపాలస్వామి గుడి."

"వేసవిలోనే వెళదామన్నావు. మామిడికాయ కోతలని నేనే ఆపాను."

"ఇప్పుడు వెళుతున్నాంగా."

"ఇప్పుడేముందే చూడ్డానికి? అమ్మాయీ లేదు, అల్లుడూ లేడు. ఇంటికి పునాది ఒక్కటే మిగిలిందంట."

"అది చాలు. ఒడ్డు నుంచి ఆ పునాదిదాకా నడుస్తాను. నీళ్లొస్తుంటే పరిగెత్తడానికి అమ్మాయికి వ్యవధి దొరికిందో లేదో నాకు తెలియాలి."

ఆయన ఆమె మోకాళ్ల వైపు చూశాడు.

"నీ మోకాళ్లతో నడిస్తే ఏం తెలుస్తుంది? నేను పరిగెత్తి చూస్తాలే."