పట్టు విడిచే గేము

బాగుందా బాగాలేదా, ఒక్క ముక్కలో చెప్పు అబ్బాజాన్ అంటాడ్రా మా నాసిర్. ఒక్క ముక్కలో ఎట్టా చెప్తాం? కుస్తీ ఏమన్నా కాఫీయా, చక్కెర చాల్లేదని చెప్పి గ్లాసు పక్కన పెట్టడానికి?

కళ్ళు మూసుకోకు కాశీ. బెజవాడ నుంచి బందరు దాకా రెండు గంటలు బస్సులో నిలబడి వచ్చాను. నీకు నోరు పడిపోయింది గానీ చెవులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పాడంట, మీ ఆవిడ వీరమ్మ చెప్పింది. ఎడమ చెయ్యి కూడా ఆడుతోందట. పక్షవాతం కుడివైపు వచ్చింది చూడు, దాని బుద్ధి అది. ఆ చెయ్యి ముప్పై ఏళ్ళ కిందటే పోయింది. మళ్ళీ ఏం తీసుకుపోదామని వచ్చిందో.

సరే, గేము సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర సందులో మావాడు వీడియో గేముల షాపు పెట్టాడు గదా. నాలుగు టీవీలు, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. కాలేజీ కుర్రాళ్ళు షట్టరు తియ్యకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. ఆ అమెరికా కుస్తీల గేమంటే వాళ్ళకి ప్రాణం. ఏడాదికో కొత్త పార్టు వస్తుంది. వచ్చినప్పుడల్లా ముందు నన్ను కూర్చోబెట్టి ఆడిస్తాడు. ఎందుకో తెలుసా? 'లాల్ అహ్మద్ పహిల్వాన్ గారు మెచ్చిన గేము' అని అట్టముక్క మీద రాసి బయట తగిలిస్తాడు. ఇన్నేళ్ళు మట్టిలో పొర్లింది అట్టముక్క ఎక్కడానికన్నమాట.

నవ్వుతున్నావా? ఆ మూతి వంకర నవ్వో జబ్బో నాకు తెలియట్లేదు. నవ్వనుకుంటాలే.

పోయినేడు వచ్చిన పార్టుని నేను మెచ్చలేదు. అందులో మనుషులకి బరువు లేదురా. వంద కిలోల వాణ్ణి దిండు ఎత్తినట్టు ఎత్తి పడేస్తారు. పడ్డవాడు దులుపుకుని లేస్తాడు. ఇదేం కుస్తీరా, పరుపులు దులుపుకోవడం అన్నాను. వాడు అట్ట తగిలించలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

ఈ కొత్తది అట్టా కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇందులో లావుపాటి వాణ్ణి ఎత్తితే ఎత్తినవాడి మోకాళ్ళు వణుకుతాయి. నడుం పట్టుకుంటాడు. ఆయాసం వస్తే కాలు ఈడుస్తాడు. చెమట కూడా పెట్టార్రా, వీపు మీద నిగనిగలాడుతూ. తప్పులు లేవా? బోలెడు. జనంలో ఒకే మొహం నాలుగు చోట్ల కూర్చుని చప్పట్లు కొడుతోంది. మట్టి లేదు. మజ్జిగ, పసుపు, నూనె పోసి తొక్కిన గోదా మట్టి వాసన ఏ సీడీలో వస్తుంది? పోటీకి ముందు అవతలివాడి భుజం మీద పిడికెడు మట్టి వెయ్యడం వాళ్ళకేం తెలుసు?

ఇంకోటి విను. ఇందులో మనకి కావలసిన మనిషిని మనమే తయారు చేసుకోవచ్చు. నాసిర్ నన్ను చేశాడు. తర్వాత ఇంట్లో ఉన్న పాత ఫోటో తెచ్చి నిన్ను చేశాడు. నీ మీసం బాగా కుదిరింది. లంగోటా మాత్రం దొరకలేదు, నల్ల నిక్కరు వేశాడు. నీ రెండు భుజాలూ చూడాలి కాశీ. పడవ లాగే భుజాలు. చాలా రోజులైంది చూసి. మంచినీళ్ళు తెమ్మని వాణ్ణి బయటికి పంపాను.

ఆడదాం అబ్బాజాన్, నువ్వు నువ్వే, నేను కాశీరావు మామ అన్నాడు వాడు వచ్చి. పొద్దున్నే, ఇంకా షట్టరు తియ్యలేదు.

టీవీలో ఓ మూల చిన్న బొమ్మ ఉంటుంది. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలితే బొమ్మకి అక్కడ పసుపు రంగు వస్తుంది, ఇంకా తగిలితే ఎరుపు. నాకు గుండీలు సరిగ్గా పట్టవు, ఈ వెండి కడియం రిమోట్‌కి కొట్టుకుంటూ ఉంటుంది. అయినా నా చేతులు వాటంతట అవే నీ కుడి చేతి మీదికే పోయాయి. వెనక్కి విరిచి పట్టు వేశాను. బొమ్మ భుజం ఎర్రబడింది.

నువ్వు తట్టావు. నేల మీద, టపటపా. గంట మోగింది. నా మనిషి చేతులు వాటంతట అవే వదిలేశాయి.

నేను గుండీ ఇంకా నొక్కుతూనే ఉన్నాను కాశీ. వదల్లేదు నేను. గేమే వదిలేసింది. మళ్ళీ ఆడదాం అన్నాను. నాలుగు సార్లు ఆడాను. నాలుగు సార్లూ అంతే. నువ్వు తట్టడం, వాడు వదలడం. ఎంత నొక్కినా ఒక్క క్షణం ఎక్కువ పట్టుకోడు. ఏంటి అబ్బాజాన్ ఇందులో లోపం అన్నాడు నాసిర్. ఏం లేదురా, నాకంటే మంచివాణ్ణి చేశారు అన్నాను. వాడికి అర్థం కాలేదు.

నీకు అర్థమైంది గదా. అటు తిరక్కు.

టీవీ కుస్తీలు చూసి ఎంత నవ్వేవాళ్ళం రా మనం. ముందే మాట్లాడుకుని పడతారు, అది కుస్తీయేనా, మనది నిజమైన కుస్తీ అని. వాళ్ళు ముందే మాట్లాడుకునేది ఒకరి చెయ్యి ఒకరు విరవకూడదనే కదా. మనకి మాత్రం మాట లేదా? ఉస్తాదు మొదటి రోజే చెప్పాడు. నొప్పి తట్టుకోలేకపోతే అవతలివాడి ఒంటి మీద రెండు సార్లు తట్టాలి. తట్టగానే వదలాలి. తట్టించుకున్నవాడిదే గెలుపు.

ఆ దసరా పోటీలో నువ్వు నా తొడ మీద రెండు సార్లు తట్టావు.

డప్పుల హోరులో తెలియలేదని ఉస్తాదుతో చెప్పాను. కట్టుకున్న సైదాబీకీ, అది చచ్చిపోయేదాకా అదే చెప్పాను. తెలిసిందిరా. ఒకటి, రెండు. ఇప్పటికీ ఆ చోటు చూపించగలను.

గెలిచాను నేను, నువ్వు రెండోసారి తట్టడంతోనే. కానీ నువ్వు తట్టిన చెయ్యి నా కాలి కింద ఉంది, జనం చూడలేదు. రెండేళ్ళు వరసగా నన్ను వాళ్ళ ముందే పడగొట్టావు. ఎవరూ చూడని గెలుపు నాకు చాల్లేదు. నువ్వు అరవాలనుకున్నాను. అందరికీ వినబడేట్టు. అందుకని ఇంకొంచెం తిప్పాను. లోపల ఏదో తెగింది. అప్పుడు అరిచావు. జనం ఈలలు వేశారు. ఈ కడియం నా చేతికి తొడిగారు.

మళ్ళీ నువ్వు వల విసరలేదు. వీరమ్మ చేపల తట్ట నెత్తికెత్తుకుంది. వాసనొస్తుందని బస్సు ఎక్కించుకోకపోతే నడిచి వెళ్ళి అమ్మింది. నేనొస్తే మాత్రం 'అన్నయ్యా' అంటూ ముక్కలు ఏరి నా కంచంలో వేస్తుంది. నువ్వు ఆవిడకేం చెప్పావు? ఆ పట్టులో నేనే కాలు జారి చెయ్యి మీద పడ్డానని. ఎందుకు చెప్పావురా అట్టా? నన్ను తిట్టి ఉంటే, నాలుగు తన్ని ఉంటే, ఎప్పుడో తేలిపోయేది. ముప్పై ఏళ్ళు ఆ పులుసు మింగించావు.

ఇవాళ తినను. అందుకే వచ్చాను. వీరమ్మని పిలుస్తాను, ఇక్కడే నీ ఎదురుగా చెప్తాను. తిడితే తిడుతుంది, తట్ట నెత్తిన కొడితే కొడుతుంది. అమ్మా వీరమ్మా, ఓసారి ఇట్టా...

ఏంటిరా? చెయ్యి ఎందుకు పట్టుకున్నావు? ఎడమ చేతికి ఇంత బలం ఎక్కణ్ణించి వచ్చింది?

ఏంటీ... మళ్ళీ తట్టు.

ఒకటి. రెండు.

నువ్వు చాలా చెడ్డవాడివిరా కాశీ. ఆవిడకి చెప్పొద్దంటావు, అంతేగా? ఇన్నాళ్ళూ జారి పడ్డ మొగుడనుకుని మోసింది, అట్టాగే ఉండనీ అంటావు. మరి నా సంగతి?

సరే. తట్టావు గదా. ఈసారి వదిలేశాను.

ఏం లేదమ్మా వీరమ్మా, ఊరికే పిలిచాను. వడ్డించు, వస్తున్నా.