బయటి గొళ్లెం

మిట్టమధ్యాహ్నం. పుస్తకాలు బైండు చేసే దుకాణం. లోపల సూదీదారంతో ఆమె. గుమ్మంలో చెమటలు కక్కుతూ వడ్రంగి, వచ్చే నెల ఆమెను పెళ్లి చేసుకోబోయేవాడు.

"బిగించావా? ఆ ఒక్క ముక్క చెప్పు. బిగించావా, లేదా?"

"ముందు కూర్చో. చేతిలో సూది అలా ఊపకు."

"సూది సంగతి తర్వాత. మెట్ల కింద గది, బయటి వైపు గొళ్లెం అన్నావు. బిగించావా?"

"బిగించా."

"ఛీ!"

"పూర్తిగా వినవేం? పొద్దున్నే ఆ ఇంటాయన కబురు పెట్టాడు. పాత గొళ్లెం తుప్పు పట్టి ఊడింది, కొత్తది వెయ్యమన్నాడు. సామాన్ల గది అన్నాడు. సామాన్ల గదికి బయట కాకపోతే ఎక్కడేస్తారు గొళ్లెం?"

"మనిషి ఎలా ఉన్నాడు?"

"పెద్దమనిషిలాగే ఉన్నాడు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. తేనె పూసినట్టు మాట."

"తేనె! వాడి నోట్లో ఎప్పుడూ తేనే."

"నీకెలా తెలుసు?"

"ఒకతె చెప్పేది. నా స్నేహితురాలు."

"ఆవిడ కోసమే నేను పరిగెత్తుకొచ్చింది. పోయిన వానాకాలంలో, కరెంటు పోయిన రోజు చెప్పావు చూడు. అందరూ పిచ్చుక అనేవాళ్లు, అమ్మానాన్న పోతే బాబాయి పంచన పెరిగింది, కంచంలో మెతుకు వదిలినా మెట్ల కింద గదిలో వేసి..."

"చెప్పా. నేను చెప్పింది నాకే వల్లించకు."

"గొళ్లెం సరిగ్గా పడుతుందో లేదోనని తలుపు ఇవతలికి లాగా. లోపలి వైపు, నా మోకాలి ఎత్తున, గీతలు. ఒకటా రెండా, వందల గీతలు. వాటి పక్కన వంకరటింకరగా 'పిచ్చుక'."

"రంగు వేయించలేదా దాని మీద?"

"ఏంటీ?"

"ఇన్నేళ్లయింది. ఒక్కసారైనా రంగు వేయించలేదా అని."

"వేయించాడు. అంత లోతు దిగితే రంగు కప్పుతుందా?"

"ఇప్పుడెవరున్నారు ఇంట్లో?"

"అదీ..."

"నసక్కు! ఎవరున్నారు?"

"ఓ ఆడపిల్ల. ఏడేళ్లుంటాయేమో. ఈ మధ్యే పెళ్లి చేసుకున్నాడట, ఆమె మొదటి మొగుడి కూతురు. తల్లి ఆసుపత్రిలో నర్సు, పగలంతా ఇంట్లో ఉండదు."

"అంటే పిల్లా, వాడూ. వాడి చేతికి గట్టి గొళ్లెం అందించి, నువ్వు చేతులు దులుపుకుని వచ్చేశావు. శభాష్. నీ పనితనం ఊరంతా చెప్పుకోవాలి."

"ఏం చెయ్యమంటావు? చంకనేసుకుని పారిపోతే పిల్లల్నెత్తుకుపోయేవాడని నన్ను చితకబాదుతారు. నీ స్నేహితురాల్ని పిలు. ఆవిడ నోరు విప్పితేనే ఎవరైనా నమ్మేది."

"ఆమె రాదు."

"ఎందుకు రాదు?"

"రాదంతే. ఆమెకి పెళ్లి కుదిరింది. ఇప్పుడిదంతా తవ్విపోస్తే ఆ అబ్బాయేమనుకుంటాడు? జాలిపడతాడు. అడుగడుగునా అయ్యో పాపం అంటాడు. ఆ జాలితో జన్మంతా కాపురం చెయ్యాలా?"

"ఏం, జాలి తప్ప ఇంకేం తెలీదా వాడికి? కోపం రాదా?"

"నువ్వయితే ఏం చేస్తావు?"

"నా ఊసెందుకు మధ్యలో?"

"ఎందుకో ఒకందుకు! అడిగినదానికి చెప్పు."

"నేనా? ముందు తిడతా. ఇన్నాళ్లూ నాకు చెప్పనందుకు. నీదీ అదే వరస కదా. నాలుగిళ్లు చూపించా. ఒకదానికి కిటికీ చిన్నదన్నావు, ఇంకోదాని గడప దాటి లోపలికే రాలేదు. జడివాన కొట్టి పుస్తకాలు తడుస్తున్నా దుకాణం తలుపు మూయవు. ఎందుకే అంటే మూతి ముడుచుకుంటావు. నేనేమన్నా దారినపోయే దానయ్యనా?"

"ఇళ్ల గొడవ ఇప్పుడా! ఆ పిల్లేమంది? నీతో ఏమన్నా మాట్లాడిందా?"

"వాడికి ఫోనొచ్చి వీధిలోకెళ్లాడు. అప్పుడొచ్చింది నా దగ్గరికి. 'మామయ్యా, ఇది లోపల్నుంచి తెరుచుకుంటుందా?' అనడిగింది."

"స్స్..."

"ఏయ్! సూది దిగింది, రక్తం చూడు. ఇటివ్వు చెయ్యి."

"ముట్టుకోకు. నువ్వేమన్నావు?"

"తెరుచుకుంటుందమ్మా అన్నా."

"అబద్ధం! పసిదానికి అబద్ధం చెప్పావు! చీకట్లో కూర్చుని, మామయ్య తెరుచుకుంటుందన్నాడే అని తలుపు బాదుతూనే ఉంటుంది, తెలుసా నీకు? చేతులు వాచేదాకా బాదుతుంది. ఎవరూ రారు. అరిస్తే ఇంకో గంట ఎక్కువ, అందుకని అరవను కూడా అరవదు..."

"అబద్ధం కాదే బాబూ! వాడు ఫోనులో ఉండగానే స్క్రూలు విప్పేశా. పొట్టివి వేశా. చెక్కలో రెండు చుట్లు కూడా దిగలేదు. చూడ్డానికి ఇనపకోటలా ఉంటుంది. లోపల్నుంచి భుజం పెట్టి ఒక్క తోపు తోస్తే ఊడి కింద పడుతుంది. ఆ పిల్ల చేత తోయించి మరీ చూపించా. ఊడింది. నవ్వింది. గబగబా మళ్లీ తగిలించా."

"నవ్విందా?"

"ముందు పళ్లు రెండూ లేవు."

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చావా? గుమ్మంలో ఉండగానే మీద పడ్డావు. అయినా అదేం ఘనకార్యం? ఒకసారి ఊడితే వాడికి తెలిసిపోతుంది. రేపు ఇంకో వడ్రంగి వస్తాడు, పొడుగు స్క్రూలతో."

"రేపటిదాకా ఎందుకుంటాం? ఆ బడి పుస్తకాల కట్టలోంచి ఒకటి తియ్యి. వెనక అట్ట మీద పిల్లల రక్షణ ఆఫీసు నంబరుంటుంది. వారం నుంచి నేనే అతికిస్తున్నా. చదువు."

"స్నేహితురాలికి ఫోను చెయ్యవా ముందు?"

"చదవమన్నానా!... హలో. పిల్లల రక్షణ ఆఫీసేనాండీ?"

"అవునమ్మా, చెప్పండి."

"ఒక ఇంట్లో ఏడేళ్ల పాపని మెట్ల కింద గదిలో వేసి బయట గొళ్లెం పెడుతున్నారు. మీరు ఇప్పుడే వెళ్లాలి. రేపూ ఎల్లుండీ అనొద్దు."

"గొళ్లెం ఉన్నట్టు మీరు చూశారా?"

"బిగించినతను నా పక్కనే ఉన్నాడు. అడ్రసు అతను చెప్తాడు."

"వెళ్తాం కానీ అమ్మా, అది సామాన్ల గది అంటారు వాళ్లు. పిల్లని పెడుతున్నారని మీకెలా తెలుసు? ఎవరో అనగా విన్న మాటైతే..."

"విన్న మాట కాదు."

"నీ స్నేహితురాలి పేరు చెప్పెయ్యవే! నేనొప్పిస్తా ఆమెని, కావాలంటే ఆ పెళ్లికొడుకుతో కూడా మాట్లాడతా."

"నువ్వు కాసేపు ఊరుకో. ఇలా దగ్గరికి రా. ఈ చెయ్యి పట్టుకో, గట్టిగా. వదలకు."

"హలో, ఉన్నారా అమ్మా? ఆ ఇంటికి మీరేమవుతారు?"

"ఆయన మా బాబాయండీ. నా ఏడో ఏటి నుంచి పదహారో ఏటి దాకా ఆ గదిలో పెట్టింది నన్నే."