వదినగారి కాక్టస్

హలో… ఆ, నేనే అన్నయ్యగారూ, మీ అమ్మాయి అత్తగారిని.

బాగున్నాం… అందరం బాగున్నాం. మీ అమ్మాయి ఆఫీసు పని మీద ఊరెళ్లింది కదా, ఇవాళ వచ్చేస్తోంది… అదే నా కంగారు!

అబ్బే, గొడవేం లేదు… ఉంది. ఉందిలెండి.

వదినగారి కాక్టస్… అదే, ఆవిడ పోయాక మీ అమ్మాయి దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుందే… అది చచ్చిపోయేలా ఉంది.

ఎండిపోలేదండీ, కుళ్లిపోతోంది! మొదలు దగ్గర వేలు పెడితే దిగిపోతోంది.

నీళ్లా… పోశాను. రోజూ… రెండు పూటలా. నా గులాబీలకి అలాగే పోస్తాను మరి!

మట్టా? అదీ మార్చాను. పాతదంతా ఉత్త ఇసుకా, గులకరాళ్లూ. అందులో ఏం బలం ఉంటుందని… నల్లమట్టి వేసి, దండిగా ఎరువు కలిపి…

తిట్టండి, పడతాను.

కుండీ పింగాణీది… కింద కన్నం లేదు. నేల పాడవకూడదని… ఎండెక్కడిది? కమిలిపోతుందని సింకు పక్కన పెట్టాను.

నవ్వకండి అన్నయ్యగారూ, నాకు ఏడుపొస్తోంది.

ఎందుకంటే… వెళ్లేముందు మేమిద్దరం మాటామాటా అనుకున్నాం. హాల్లో ఆ కుండీ అడ్డమెందుకన్నాను. 'అది మా అమ్మది' అని మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. అందుకే కదా దానికింత సేవ చేసింది! ఇప్పుడు కావాలనే చంపానంటే నేనేం చెప్పను?

కొయ్యాలా?… కత్తితోనా? వదినగారూ అలాగే చేసేవారా?

ఉండండి, ఫోను భుజానికి ఆనించుకుంటా… ఆ, కోశాను. లోపలంతా గోధుమరంగు… ఇంకా పైకా?… ఇంకానా? సగం పోయిందండీ!

ఆగండాగండి… తెల్లగా వచ్చింది. శుభ్రంగా, తెల్లగా!

వెంటనే నాటకూడదా… నీడలో ఆరబెట్టి, కోసినచోట గట్టిపడ్డాక… ముతక ఇసుక, ఇటుక ముక్కలు, మట్టి ఏదో పేరుకి… కన్నమున్న కుండీ… ఆ, తర్వాత మెల్లిగా ఎండకి. నీళ్లు?… వేళ్లొచ్చేదాకా చుక్క కూడానా? నా చేతులు ఊరుకోవండీ!

అయ్యో… తలుపు తీస్తోంది. వచ్చేసింది.

అమ్మా… ఈ కత్తీ… నువ్వనుకుంటున్నట్టు కాదు. కుళ్లబెట్టింది నేనే, కానీ కావాలని కాదు తల్లీ. కొయ్యమన్నది మీ నాన్నగారే, ఇదిగో లైన్లోనే ఉన్నారు… పోనీ, తిట్టు.

…మొక్కని కింద పెట్టెయ్యనా? పెట్టాను. జాగ్రత్తగానే పెట్టాను.

చెయ్యా? నా చేతికేమైంది… అయ్యో, నెత్తురు! చూసుకోనే లేదు. అరచెయ్యంతా ముళ్లు గుచ్చుకున్నాయే…

పిన్నీసా? నా గాజుకే ఉంది, తీసుకో… మెల్లిగా, అమ్మా… మెల్లిగా.

అన్నయ్యగారూ, ఉన్నారా?… ఉంటానండీ మరి. నా చెయ్యి మీ అమ్మాయి చేతిలో ఉంది.