వెండి ఆకుల మడి

తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కాలనీ. తన ఫ్లాటు కిటికీ కింది మడికి పౌలు పైపుతో నీళ్లు పడుతున్నాడు. కాలనీ అసోసియేషన్ సెక్రెటరీ కిరణ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. భార్య గ్రేస్ పోయినప్పటి నుంచి పౌలు అతని మొహం చూడలేదు.

“పైపు జర పక్కకు పట్టండి అంకుల్, బూట్లు తడుస్తున్నయి.”

“తడవనీ. ఆఫీసుకే గదా, పో.”

“పోత. రోజూ గిట్లనే పోస్తున్నరా?”

“పొద్దున బకెట్లతోని. పొద్దుగూకంగ పైపుతోని. ఆదివారం చర్చికి పోయే ముంగట కూడ.”

“ఇవి ఎండకు బతికే మొక్కలు అంకుల్. నీళ్లెక్కువైతే వేరు కుళ్లి చస్తయి. మీటింగ్‌ల మైకు పట్టుకొని చెప్పిన గదా.”

“చెప్పినవు. ముందు వరుసలనే కూసున్న.”

“వినలేదా మరి?”

“విన్నంకనే మొదలువెట్టిన.”

“అంటే… తెలిసే?”

“తెలిసే. మందు కొట్టి చంపితే నలుగురు అడుగుతరు. నీళ్లు పోస్తే ఎవడేమంటడు? పై ఫ్లాటు పార్వతమ్మయితే, ‘అన్నా, పిల్లల లెక్క సాకుతున్నవు’ అని మెచ్చుకుంటది.”

“వెండి లెక్క మెరిసే ఆకులు నల్లబడ్డయి. మొత్తం మడిల ఒక్కటే మిగిలింది.”

“దానికీ దగ్గరికొచ్చింది.”

“ఆ ఒక్కటన్న ఉంచండి అంకుల్. దండం పెడత.”

“దండమా? నేను దవాఖాన మెట్ల మీద కూసున్ననాడు, నువ్వు ఈడ కూలోళ్లను వెట్టి గ్రేస్ గులాబీలు పీకిపిచ్చినవు. ఆమెను పెట్టెల తీసుకొని ఇంటికొస్తే ఈ బూడిద మొకం మొక్కలు ఎదురొచ్చినయి. పెట్టె మీద పెట్టనీకి ఆమె పెంచిన పువ్వొక్కటి లేదు. చందానగర్‌ల కొనుక్కొచ్చిన, కిరణ్. కొనుక్కొచ్చిన.”

“తెలుసంకుల్.”

“తెలిసే సమాధి కాడికొచ్చినవు, మట్టేయనీకి. చెయ్యి పట్టి అవతలకు నెట్టిన. యాదుందా?”

“ఉంది. నేను సొంతంగ చేసింది కాదని ఆనాడే చెప్దామని వచ్చిన. తర్వాత తలుపు కూడ కొట్టిన. మీరు తియ్యలే.”

“ఇప్పుడూ తియ్య. ఏం చెప్తవు? కమిటీ తీర్మానమంటవు, అంతేనా?”

“కమిటీ కాదు. నేనూ కాదు.”

“మరెవడు? పేరు చెప్పు. వాని ఇంట్లకు పెడత ఈ పైపు.”

“చెప్పనని మాటిచ్చిన.”

“మాట, నీ దగ్గర. పేరు చెప్పు.”

“అంకుల్, వద్దు.”

“చెప్పు.”

“ఆంటీ. ఐసీయూకు పోయే ముందు ఫోన్ చేసిన్రు. ‘నేను ఇగ ఇంటికి రాను కిరణ్. మా ఆయన ఏనాడూ మొక్కకు మగ్గు నీళ్లు పోసిన మనిషి కాదు. నా గులాబీలు ఆయన కండ్ల ముందల ఎండిపోవద్దు. నేను ఉండంగనే తీసేయ్. నీళ్లు పొయ్యకున్నా ఆయనతోని ఉండేది ఏదన్న పెట్టు’ అన్నరు.”