ఆంబ్రోస్ ఎండ రాసిన రెండు వారాలు

ఏంట్రా టోబీ, ఈ ఇసకలో కూర్చున్న దగ్గర్నుంచీ ఆ ఫోన్ని అలా గోకుతున్నావు, దానికేమన్నా దురదా? ఏదీ, ఇటు చూపించు. ఓహో, మన స్కెల్‌విక్‌కి రెండు వారాల వాతావరణమా! రేపు మబ్బు, ఎల్లుండి సగం మబ్బూ సగం సూర్యుడూ, వచ్చే శనివారం వాన. నమ్మరా నాయనా, నమ్ము. మేమూ నమ్మినవాళ్ళమే. కాకపోతే మాకు ఫోన్ లేదు, ఆంబ్రోస్ ఉండేవాడు. తెలీదూ? అవున్లే, మీ నాన్నే పుట్టలేదు అప్పటికి. పొడుగ్గా, ఎండబెట్టిన చేపలా ఉండేవాడు. నవ్వితే చూద్దామని మీ తాత, అదే మా ఆయన, ఎన్ని వేషాలు వేశాడో. ఒకసారి బతికున్న పీతని టోపీలో పెట్టుకుని వెళ్ళాడు. ఆంబ్రోస్ నవ్వలేదు గానీ పీత మీ తాతని… సరే, ఆ గొడవ వద్దు. ఎక్కడున్నాం? ఆఁ, ఆంబ్రోస్. పడవల షెడ్డు తలుపుకి సముద్రపు నాచు వేలాడదీసి, పొద్దున్నే దాన్ని పిసికి, వాసన చూసి, తన మోకాలిని కాసేపు తట్టి, దాన్ని కూడా సలహా అడిగి, నల్లబల్ల మీద రాబోయే రెండు వారాల వాతావరణం రాసేవాడు. ఏం రాసేవాడంటావ్? తుంపర. జల్లు. జల్లు తర్వాత తుంపర. ఎప్పుడన్నా హుషారొస్తే 'గాలి కూడా'. వాన పడితే ఆంబ్రోస్ చెప్పాడు కదా అనుకునేవాళ్ళం, పడకపోతే ఆ ఆనందంలో ఆంబ్రోస్‌నే మర్చిపోయేవాళ్ళం. వాడు చెప్పింది తప్పన్నవాడు లేడు.

చిక్కేంటంటే ఆ నల్లబల్ల సరిగ్గా బస్సు ఆగే చోట ఉండేది. సెలవలకని బ్రాడ్‌ఫర్డ్ నుంచి పిల్లాజెల్లాతో, బకెట్లతో, పారలతో దిగేవాళ్ళు పాపం. దిగడం, బల్ల చదవడం, మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకోవడం, అదే బస్సెక్కి పక్కూరికి పోవడం. ఇక్కడ హెస్టర్ ఇంట్లో గదులన్నీ బోసిగా. హెస్టర్ అంటే, కొండ మీద ఆ నీలం కిటికీల ఇల్లు ఉందే, అది ఆవిడదే. మొగుడు పోయాక గదులు అద్దెకిచ్చుకుంటూ బతికేది. గుండ్రంగా, ఎర్రగా, నోరు తెరిస్తే రేవులో పడవలన్నీ సర్దుకునేవి. ఆవిడంటే ఆంబ్రోస్‌కి ప్రాణం. ఊరందరికీ తెలుసు, ఆవిడకి తప్ప. ఎలా తెలుస్తుందిరా, ఆవిడ ఎదురుపడితే చాలు, టోపీ తీసి, 'ఈశాన్యపు గాలి, హెస్టర్' అనేవాడు. అంతే. ఏళ్ళ తరబడి అంతే. క్రిస్మస్‌కి ఒకసారి తెగించి, 'మంచు పడొచ్చు' అన్నాడు.

ఒక ఆగస్టు మొదట్లో హెస్టర్ చేతులకి పిండి అంటుకుని ఉండగానే దిగొచ్చింది. నేను అక్కడే ఉన్నా, వలలు ఆరేసుకుంటూ. 'ఏమయ్యా ఆంబ్రోస్! నీ బల్లకి కళ్ళున్నాయా? ఇప్పుడే ఒక కుటుంబం, అమ్మమ్మతో సహా, దిగినవాళ్ళు దిగినట్టే ఎక్కేశారు. కుక్క మాత్రం ఎక్కనని ఇసకలోకి పరిగెత్తింది, దాన్ని కూడా వెనక్కి పిలిచి ఎక్కించుకున్నారు!' అంది. వీడు టోపీ తీశాడు. 'ఈశాన్య…' 'నోర్ముయ్! ఈ ఆగస్టులో నా గదులు నిండకపోతే ఇంటికి తాళం వేసి లీడ్స్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతాను. మళ్ళీ ఈ సముద్రం మొహం చూడను. ఏమంటావ్?' అంది. వాడి మొహం చూడాలిరా నువ్వు. సున్నం కొట్టినట్టయిపోయింది. టోపీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇదిగో అంటాడు, అదిగో అంటాడు అని నేను వల పట్టుకుని బిగుసుకుపోయా. చివరికి ఏమన్నాడో తెలుసా? 'లీడ్స్‌లో… పొగమంచు ఎక్కువ.' దరిద్రుడు!

మర్నాడు పొద్దున్న ఊరంతా బల్ల చుట్టూ చేరింది. రెండు వారాలూ ఎండ. పైనుంచి కింది దాకా ఎండ. పక్కన సూర్యుడి బొమ్మ కూడా వేశాడు. వాడికి అలవాటు లేదుగా, అట్టుపెనం మీద పగిలిన గుడ్డులా వచ్చింది. బస్సొచ్చింది, దిగినవాళ్ళు దిగిపోయారు. సాయంత్రానికి హెస్టర్ గదులు నిండి, మిగిలినవాళ్ళు మా మేడ మీద కూడా పడుకున్నారు. ఇక మొదలైంది వాన. అలాంటిలాంటి వాన కాదురా, ఎవరో పైనుంచి తొట్లు బోర్లించినట్టు. మరి మన ఊరి సంగతి నీకు తెలుసుగా, మనిషి మొహం మీద నువ్వు తప్పన్నామంటే వాడు ఎంత చిన్నబుచ్చుకుంటాడు! అందులోనూ ఆంబ్రోస్. జన్మలో మొదటిసారి ఎండ రాశాడాయె. పాదిరిగారే ముందు బయల్దేరారు, గడ్డి టోపీ పెట్టుకుని, మడత కుర్చీ చంకన పెట్టుకుని. ఇసకలో కూర్చుని, టోపీ అంచునించి నీళ్ళు ధారగా కారుతుంటే, 'అబ్బబ్బ, ఏం మండిపోతోందండీ!' అన్నారు. పాదిరిగారే కూర్చుంటే మనం ఇంట్లో ఉంటే ఏం మర్యాద? అందరం వెళ్ళాం. నేను ఈత బట్టల్లో, పళ్ళు టకటకలాడించుకుంటూ. మీ తాత వీపుకి నూనె రాయమంటాడు, రాసింది రాసినట్టే సముద్రంలోకి పోయేది. ఐస్‌క్రీమ్ కొనుక్కుంటే తిన్నకొద్దీ నిండేది. బ్రాడ్‌ఫర్డ్ వాళ్ళు పాపం కిటికీల్లోంచి చూసి, ఇక్కడివాళ్ళే హాయిగా కూర్చుంటే మనకేం రోగమని వాళ్ళూ వచ్చేశారు. ఒకాయన మాత్రం మెల్లిగా, 'ఏమండీ, ఇది వాన కాదు కదా?' అన్నాడు. మీ తాత తడుముకోకుండా, 'ఛఛ, సముద్రం పక్కన కదండీ, కాస్త తేమ ఉంటుంది' అన్నాడు. ఆయన సిగ్గుపడి క్షమాపణ చెప్పుకున్నాడురా!

రెండో వారానికి ఊరందరికీ జలుబు, అసలు ముక్కే లేకపోతే బాగుండనిపించింది. పాదిరిగారు దగ్గుతూనే 'చెమట పట్టేస్తోంది' అనేవారు. ఆంబ్రోస్ షెడ్డు తలుపు సందులోంచి చూసేవాడు, గోళ్ళు కొరుక్కుంటూ. ఏం చేస్తాడు చెప్పు? బల్ల తుడిస్తే బ్రాడ్‌ఫర్డ్ వాళ్ళు బస్సెక్కుతారు, హెస్టర్ లీడ్స్ పోతుంది. తుడవకపోతే ఊరు ఊరంతా మంచాన పడుతుంది. ఆఖరి ఆదివారం వాన మరీ అడ్డంగా కొడుతోంది. అప్పుడు దిగింది హెస్టర్, కొండ మీంచి, పసుపు పువ్వుల గౌను వేసుకుని. గొడుగు లేదు. మా అందరినీ ఒకసారి చూసింది, వణుకుతూ నవ్వుతున్న మొహాలన్నీ. 'వెచ్చగా ఉంది కదూ' అంది, గట్టిగా, షెడ్డుకి వినబడేట్టు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతే, తలుపు తెరుచుకుంది. ఆంబ్రోస్ వచ్చి ఆవిడ పక్కన నిలబడి టోపీ తీశాడు. తీసి, అందరం వింటుండగా, 'వాన పడుతోంది' అన్నాడు. ఒరేయ్, ఆ మాట ఎవరో ఒకరు అంటారా అని ఎదురుచూస్తున్నామేమో, పాదిరిగారు కుర్చీ కూడా వదిలేసి పరిగెత్తారు! ఒక్క ఉరుకున ఊరూ, బ్రాడ్‌ఫర్డూ కలిసి సారా కొట్టులో పడ్డాం. నేను మాత్రం గుమ్మంలో ఆగాను, నా సంగతి తెలుసుగా. హెస్టర్ లేవలేదు. 'అయితే నా గదులు ఖాళీ చేయించావన్నమాట' అంది. వాడు టోపీ నలుపుతున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఈశాన్యం అంటాడు చూడు, అనుకున్నా. 'లీడ్స్ వెళ్ళకు, హెస్టర్' అన్నాడు. గాలి లేదు, మబ్బు లేదు, ఏమీ లేదు అందులో. ఆవిడ గౌను మీద నీళ్ళు దులుపుకుంది. 'ముందా టోపీ అటు తిప్పి పిండు, నీళ్ళన్నీ నా ఒళ్ళో పోస్తున్నావు' అంది. పక్కకి జరిగి కుర్చీలో చోటిచ్చింది. ఒక్కరికి కుట్టిన కుర్చీరా అది. గుడ్డ చిరిగి ఇద్దరూ ఇసకలో పడ్డారు. అప్పుడు నవ్వాడు వాడు.

వెళ్ళలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు ఆవిడ. ఆంబ్రోస్ పోయేదాకా ఆ నీలం కిటికీల ఇంట్లోనే ఇద్దరూ. పెళ్ళి చేసుకున్నారా అంటే… ఏమోరా. ఎవరూ అడగలేదు. అడిగితే ఏం బాగుంటుంది, చెప్పు? … ఒరేయ్, ఒరేయ్, కాళ్ళు పైకి తియ్యి, పోటు వచ్చేసింది, నీ బూట్లు!